ఉదయం పూట మమ్మల్ని పిలవకండి: విద్యాశాఖ మంత్రిగారికి ఒక లంక బడి టీచరు బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రిగారికి,

నమస్కారమండి. నేను కోనసీమలో, గోదావరి పాయల మధ్యనున్న ఒక లంక గ్రామంలో ప్రాథమిక పాఠశాల టీచర్ని, ఎస్జీటీని (సెకండరీ గ్రేడ్ టీచర్ని). ఊరి పేరు రాయడం లేదు. రాస్తే రేపు పొద్దున్నే మండలానికి ఫోను, అక్కణ్ణుంచి మా హెచ్‌ఎంకి ఫోను, చివరికది నా క్లాసు మధ్యలోనే మోగుతుంది. ఈ ఉత్తరం రాస్తున్నది దాని గురించే. జీతాలు, బదిలీల సంగతి సంఘాలవాళ్లు చూసుకుంటారు, నాది ఒక్కటే గోడు, పాఠం మధ్యలో తెగిపోతోంది.

ఎలా తెగుతుందో చెబుతాను. మూడో తరగతికి అప్పు తెచ్చుకునే తీసివేతలు చెబుతున్నాననుకోండి. 52లోంచి 27 తీయాలి. రెండులోంచి ఏడు పోదు, పక్కనున్న ఐదు దగ్గర ఒక పది అప్పు తెచ్చుకోవాలి. ఇచ్చాక ఐదు నాలుగవుతుంది, ఇక్కడ రెండు పన్నెండవుతుంది. పుల్లలు కట్టలు కట్టించి, విప్పించి, పిల్లల్ని ఇక్కడిదాకా తీసుకురావడానికే చాలాసేపు పడుతుంది. సరిగ్గా కట్ట విప్పే సమయానికి వాట్సాప్ గ్రూపులో పైనుంచి మెసేజ్: మోస్ట్ అర్జెంట్, ఆధార్‌లో పేరు సరిపోలని పిల్లల వివరాలు 11 గంటల్లోపు పంపాలి. చూడకపోతే ఫోను వస్తుంది. ఎత్తకపోతే హెచ్‌ఎంకి వస్తుంది. ఆ వివరాలు పంపుదామంటే లంకలో సిగ్నల్ ఉండదు, గట్టు మీదకెళ్లి ఫోను పైకెత్తి నిలబడాలి. తిరిగొచ్చేసరికి సగంమంది పలకల మీద 35 అని ఉంటుంది. ఏడులోంచి రెండు తీసేశారన్నమాట, పెద్ద అంకెలోంచి చిన్నది. ఈ తప్పు ఒకసారి చేతికి అలవాటైందంటే ఐదో తరగతికొచ్చినా వదలదండి, కావాలంటే ఏ హైస్కూల్ లెక్కల మాస్టార్నయినా అడగండి.

పిల్లల గోల మీద నాకు ఫిర్యాదు లేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో క్లాసంటే చీమ చిటుక్కుమన్నా వినపడాలనే పట్టుదల ఉండేది. ఒకడు చిటికెన వేలు చూపిస్తే వెనకాలే నలుగురు చూపిస్తారు, పీచుమిఠాయి గంట వినపడితే తలలన్నీ కిటికీ వైపు తిరుగుతాయి, దింపు కూలీలు పక్క తోటలో కొబ్బరి గెలలు కోస్తుంటే దబదబా పడే ప్రతి కాయనీ లెక్కపెట్టే మహానుభావుడు ఒకడుంటాడు. ఇవన్నీ ఆపాలని గొంతు పోగొట్టుకోవడం మానేశాను. ఎవరి పాఠం ఎక్కడ ఆగిందో బోర్డు మీద గీత గీసే పని పిల్లలకే ఇచ్చాను. గుడ్ల ఆటో వస్తే నాలుగో తరగతి వాళ్లే వెళ్లి ట్రేలు లెక్కపెట్టి, ముప్ఫైతో గుణించి, పగిలినవి తీసేసి నాకు చెబుతారు. నేను సరిచూసుకుంటానంతే. క్లాసు నా గుప్పిట్లో లేకపోయినా లెక్కలు నడుస్తున్నాయి.

వరద రోజుల్లో అయితే పాఠం ఎలాగూ సాగదు. మైకు ఆటో రెండో హెచ్చరిక అని చెప్పుకుంటూ పోయాక ఆ పిల్లల చేత పద్యం చెప్పించగలిగిన వాళ్లు ఎవరైనా ఉంటే నాకు చూపించండి. నేను ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం అంకెలే బోర్డు మీద వేస్తాను: మొదటి హెచ్చరిక 11.75 అడుగులు, రెండోది 13.75, మూడోది 17.75. ఐదో తరగతికి దశాంశాల తీసివేత అయిపోయింది. ఒక పిల్లాడు లేచి, "రెండోదానికీ మూడోదానికీ నాలుగడుగులుంది కదండీ, మరి మా అరుగు రెండోదానికే మునిగిపోద్దేంటండీ?" అన్నాడు. ఆ పూటంతా దాని మీదే నడిచింది.

ఇంకోటి చెప్పాలి. మా పిల్లల్లో కొందరి తల్లులు కువైట్‌లో ఇంటిపనికి వెళ్లారు, పిల్లలు అమ్మమ్మల దగ్గర పెరుగుతున్నారు. అక్కడి టైము మనకంటే రెండున్నర గంటలు వెనక. వాళ్లకు పొద్దున ఎనిమిదిన్నరకు కాస్త ఖాళీ దొరికితే ఇక్కడ పదకొండు, లెక్కల పీరియడు. "ఒక్క నిమిషం మా అమ్మాయికి ఇత్తారా టీచరుగారండీ" అని నా ఫోనుకి చేస్తారు. ఇస్తాను. ఆ పిల్ల వరండాలోకెళ్లి మాట్లాడి, గౌను అంచుతో మొహం తుడుచుకుని వచ్చి కూర్చుంటుంది. ఆ పూట దాన్ని ఎక్కాలు అడగను. ఇదీ అంతరాయమే, కానీ దీన్ని ఆపమని మిమ్మల్ని ఎప్పటికీ అడగను.

అడిగేదల్లా పైనుంచి వచ్చేవాటి గురించే. మీరేమీ చేయలేదనను. బాత్రూముల ఫోటోలు తీసే పని తప్పించారు, యాప్‌లన్నీ కలిపి ఒకటి చేశారు, సంతోషం. యాప్ ఒకటైంది గానీ అడిగేవి తగ్గలేదు. మధ్యాహ్న భోజనానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఆవిడ మా లంకల గన్నవరం ఇల్లాలే, మాకు గర్వం కూడా. ఏ వేళకి ఎవరొచ్చినా ఆ తల్లి అన్నం పెట్టింది, పన్నెండింటికల్లా విస్తళ్ల లెక్క పంపమని మాత్రం ఆవిణ్ణి ఎవరూ అడిగి ఉండరు.

చట్టం మీకు తెలియనిది కాదు. 2009 విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ ప్రకారం మమ్మల్ని జనగణనకి, విపత్తు సహాయానికి, ఎన్నికలకి తప్ప బోధనేతర పనులకు వాడకూడదు. ఎన్నికల డ్యూటీ కూడా మామూలుగా సెలవు రోజుల్లోనే వేయాలని 2007లో సుప్రీంకోర్టు చెప్పింది. విపత్తు పనికి మేం ఎప్పుడూ కాదనలేదు, 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర నీరు 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు ఈ లంకల్లో టీచర్లు ఏం చేశారో ఊళ్లవాళ్లే చెబుతారు. అదే చట్టం ఐదో తరగతి వరకు ఏడాదికి 200 రోజులు, 800 గంటలు పాఠం చెప్పాలంటోంది. అంటే రోజుకి నాలుగు గంటలు. పది నిమిషాలకోసారి తెగే గంటని అందులో గంట కిందే జమ వేస్తున్నారా? పైగా 60 మంది వరకు ఇద్దరు టీచర్లే. ఒకరిని మీటింగుకి పిలిచారంటే మిగిలినవాళ్ల నెత్తిన ఐదు తరగతులు. ఆ సాయంత్రమే మళ్లీ చదవడం, రాయడం ఎంతవరకు వచ్చిందని రిపోర్టు అడుగుతారు.

ఎందుకిలా అవుతోందో నాకు అర్థమైనంతవరకు చెబుతాను. పైన కూర్చున్నవాళ్లకి బడి కనపడదు, అంకె కనపడుతుంది. అంకె వస్తే బడి చేతిలో ఉన్నట్టు ధైర్యం. నాకూ క్లాసు నిశ్శబ్దంగా ఉంటే అలాంటి ధైర్యమే ఉండేది. తీరా పిల్లల్ని వదిలాక వాళ్లేం పాడైపోలేదు. మమ్మల్నీ కాస్త వదిలి చూడండి.

తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఏ బడికీ మెసేజ్ గానీ, ఫోను గానీ, వీడియో కాన్ఫరెన్సు గానీ ఉండకూడదని ఒక ఆర్డరు ఇవ్వండి. వరద హెచ్చరిక, పిల్లల ప్రాణం మీదికి వచ్చే సంగతులు మాత్రం మినహాయింపు. ఆధార్ సవరణలు, ఆన్‌లైన్ ఎంట్రీలు చూసుకోవడానికి నాలుగైదు బళ్లు కలిసిన క్లస్టర్‌కి ఒక మనిషిని వేయండి, మా ఊళ్లలో డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న ఆడపిల్లలు బోలెడంతమంది. సిగ్నల్ లేని లంకల్లో ఫేస్ అటెండెన్స్ తొమ్మిదింటికే పడాలని పట్టుబట్టకండి, మమ్మల్ని ఏరు దాటించే పంటు ఆలస్యమైతే ఆ పాపం మాది కాదు.

రాష్ట్రమంతా ఒకేసారి కుదరదంటే ఒక్క మండలంలో మొదలుపెట్టండి. దసరా సెలవుల నుంచి సంక్రాంతి దాకా చాలు. తర్వాత మూడో తరగతి పిల్లల్ని 52లోంచి 27 తీయమనండి, పరీక్ష పేపరు మీవాళ్లే తెచ్చుకోవచ్చు, కాకపోతే మధ్యాహ్నం రమ్మనండి.

ఇట్లు,
కోనసీమ నుంచి ఒక ఎస్జీటీ