శ్రీరామనవమి అన్నదానం: గుండిగల కళాయికి విరాళాల విజ్ఞప్తి

గ్రామ పెద్దలకు, ఆడపడుచులకు, నెల్లూరు, చెన్నై, బెంగళూరుల్లో స్థిరపడిన మన ఊరి బిడ్డలకు రామాలయ కమిటీ నమస్కారాలు.

ఉగాది నాలుగు రోజుల్లోకి వచ్చింది, ఉగాదితో కలిపి తొమ్మిదో నాడే నవమి. పందిరి, మైకు, వంటపాక రేకులు, అన్నిటికీ కలిపి వచ్చిన చందాలు సగానికీ చాలవు. లెక్క గుడి గోడకు అంటించాం, చూసుకోండి. ఇక్కడ గుండిగల సంగతే చెప్పాలి.

మన తాతలు ఇంటికొకటిగా ఇత్తడి గుండిగలు చేయించి స్వామికి సమర్పించారు. అంచుల మీద వాళ్ళ పేర్లు ఇప్పటికీ చదవొచ్చు. ఊరంతా ఒకే బంతిలో తిన్న ప్రసాదం వాటిలో ఉడికిందే. ఇప్పుడు కళాయి, అంటే లోపలి తగరం పూత, పోయి ఇత్తడి తేలింది. చింతపండు పులుసు కాస్తే రాగి అందులోకి దిగుతుంది, తిన్నవాళ్ళకు వాంతులవుతాయి.

మళ్ళీ కళాయి వేయాలంటే పాత్రను చింతపండు, ఇసుకతో తోమి ఆరబెట్టాలి. బొగ్గుల మీద కాచి, తగరం అంటుకోవడానికి నవాసారం అనే ఉప్పు చల్లి, తగరం కడ్డీ తాకించి, కరిగింది కరిగినట్టే దూదితో లోపలంతా పూయాలి. వేడి చాలకపోతే తగరం అంటదు, మించితే నల్లబడుతుంది. సీసం కలిసిన తగరం చౌకే, కానీ వంటపాత్రకు అది విషం. శుద్ధమైనదే కొనాలి, ఖర్చంతా అక్కడే.

తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది. ఖాళీ గుండిగ పొయ్యి మీద పెట్టి అందులోనే తాలింపు వేయడం, ఇనుప పీచుతో తోమడం వల్లే పూత ఇంత త్వరగా పోయింది. ఇకమీదట తాలింపు విడిగా మూకుట్లోనే. కలపడానికి ఉదయగిరి చెక్క గరిటెలే ఇవ్వండి, స్టీలువి వద్దు.

డబ్బుకు ఇబ్బందైతే పనితనం ఇవ్వండి. కళాయి తెలిసిన పెద్దలు రెండు రోజులు వచ్చి కూర్చుంటే చాలు, తిత్తి ఊదే కుర్రాళ్ళు ఆ పని నేర్చుకుంటారు. వెల్డింగు వచ్చినవారు పొయ్యి స్టాండ్లు అతికించండి. బియ్యం వందమందికి 12 కిలోలు పడుతుంది. ఈ కోతల కొత్త బియ్యం పెద్ద గుండిగలో ముద్దైపోతుంది, పోయినేటివి ఇవ్వండి.

సంక్రాంతికి వచ్చి మాటిచ్చిన వారిని పేరుపేరునా అడగడం మాకు ఇష్టం లేదు. మీ తాత పేరున్న గుండిగ వంటపాకలో బోర్లించి ఉంది, ఒక్కసారి వచ్చి చూడండి.

ఉగాదికి పని మొదలైతేనే నవమికి అందుతుంది. విరాళం కమిటీవారికి గుడి దగ్గరే ఇచ్చి రసీదు తీసుకోండి.

ఇట్లు,
రామాలయ కమిటీ