వేర్లు సిద్ధం కాకుండా చెట్లను కదిలించొద్దు

సంపాదకులకు నమస్కారం.

రోడ్ల విస్తరణలో అడ్డొచ్చిన చెట్లను నరకడం లేదు, వేరేచోటికి మార్చి నాటుతున్నాం అని అధికారులు చెప్పడం ఈమధ్య మీ పత్రికలో తరచూ చదువుతున్నాను. నరకడం కంటే అది మేలే, కాదనను. కానీ ఆ పని జరుగుతున్న తీరు చూస్తే బాధేస్తోంది. అందుకే ఈ ఉత్తరం.

శ్రీసిటీలోనో మరోచోటో జపాన్ కంపెనీల్లో పనిచేసే మనవాళ్లలో చాలామంది 'నెమవాషి' అనే మాట వినే ఉంటారు. ఒక ప్రతిపాదనను మీటింగులో పెట్టకముందే దానితో సంబంధం ఉన్న ఒక్కొక్కరినీ విడిగా కలిసి, విషయం చెప్పి, వాళ్ల అభ్యంతరాలు విని, అవసరమైతే ప్రతిపాదననే మార్చుకోవడాన్ని అక్కడ నెమవాషి అంటారు. టయోటా పనితీరు గురించి చెప్పే మేనేజ్‌మెంట్ క్లాసుల్లోనూ ఈ మాట వస్తుంటుంది. అయితే అది పుట్టింది ఆఫీసులో కాదు, తోటలో. 'నె' అంటే వేరు, 'మవాషి' అంటే చుట్టూ తిరగడం. పెద్ద చెట్టును మార్చేముందు తోటమాలి దాని వేర్ల చుట్టూ చేసే పనికి అది పేరు.

ఆ పని ఎలా చేస్తారో కొంచెం వివరంగా చెప్పాలి. చెట్టును కదిలించడానికి ఆరు నెలలో ఏడాదో ముందు, బాగా ముదిరిన చెట్టయితే ఇంకా ముందే, మొదలు చుట్టూ గుండ్రంగా కందకం తవ్వుతారు. మొదలు మందానికి నాలుగైదు రెట్లు వెడల్పున మట్టిగడ్డ మిగలాలి. అడ్డొచ్చిన వేర్లను పదునైన రంపంతో నున్నగా కోస్తారు. చెట్టును నిలబెట్టే మూడు నాలుగు పెద్ద వేర్లను మాత్రం కోయరు. గాలి అంటు కట్టేటప్పుడు మనం కొమ్మకు చేసినట్టే వాటి బెరడును ఉంగరంలా ఒలుస్తారు. మళ్లీ మట్టి కప్పి, నీళ్లు పెట్టి వదిలేస్తారు. పెద్ద చెట్టుకు నీరు పీల్చే సన్నని వేర్లు మొదలుకు చాలా దూరంగా ఉంటాయి. ఉన్నపళంగా పెకలిస్తే అవన్నీ పాతచోటే ఉండిపోతాయి. ముందే ఇలా చేస్తే కోసిన చోటా, ఒలిచిన చోటా కొత్త పీచువేర్లు గుబురుగా పుడతాయి. అప్పుడే ఆ గడ్డను గడ్డితాళ్లతో బిగించి కట్టి చెట్టును లేపుతారు.

టోక్యోలోని హిబియా పార్కులో వందల ఏళ్లనాటి గింకో చెట్టు ఒకటుంది. నూట ఇరవై ఏళ్ల కిందట రోడ్డు విస్తరణ కోసమే దాన్ని కొట్టేయబోయారు. పార్కుకు రూపకల్పన చేసిన హోండా సెయిరోకు, దాన్ని మార్చి బతికిస్తానని తన తలనే పందెం కట్టాడు. పట్టాలు వేసి 450 మీటర్లు జరపడానికి 25 రోజులు పట్టింది. తల పందెం కట్టిన గింకో అనే పేరుతో ఆ చెట్టు ఇవాళ్టికీ నిలబడి ఉంది.

మా ప్రాంతంలో వేపచెట్లను మార్చడం నేను దగ్గరుండి చూశాను. పొద్దున కొమ్మలన్నీ నరికేశారు. మధ్యాహ్నానికి జేసీబీ వచ్చి మూడువైపులా తవ్వి, మొదలుకు గొలుసు వేసి లాగింది. తెగిన వేర్ల కొసలు పీచుపీచుగా చిరిగిపోయి ఉన్నాయి. మట్టిగడ్డ దారిలోనే సగం రాలిపోయింది. అంతా నడివేసవిలో! కొన్నాళ్లకు బెరడు ఊడి, మోళ్లు మిగిలాయి. మర్రి, రావి కాస్త మొండివి కాబట్టి కొన్నయినా తట్టుకుంటాయి. తల్లివేరు లోతుకు దిగిన వేప, చింతలకు ఇది చావే. చేవెళ్ల దారిలోని దాదాపు 900 మర్రిచెట్ల వ్యవహారం జాతీయ హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లిందంటే జనానికి చెట్టంటే ఎంత ప్రాణమో తెలుస్తోంది.

టైం లేదంటారు. నేను ఒప్పుకోను. రోడ్డు సర్వే మొదలైన నాటి నుంచి భూసేకరణ పూర్తయ్యేదాకా ఏళ్లు గడుస్తాయి. ఏ చెట్టు అడ్డొస్తుందో అలైన్‌మెంట్ ఖరారైన రోజే తెలుస్తుంది. ఆ రోజే కందకం తవ్వితే రోడ్డు పని మొదలయ్యేనాటికి వేర్లు సిద్ధంగా ఉంటాయి. కడియం నర్సరీల్లో ఆరితేరిన చేతులకు ఈ పని నేర్పడం కష్టమా?

మనుషుల విషయంలోనూ ఇదే లోటు. పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణకు 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని కేంద్రం పర్యావరణ అనుమతుల కోసం తెచ్చిన 2006 నోటిఫికేషన్ చెబుతోంది. కానీ టెంటు వేసి, మైకు పెట్టిన రోజు దాకా ఊళ్లోకి వచ్చి మాట్లాడే అధికారి ఉండడు. అప్పటికి రైతుల్లో టెన్షన్ పెరిగి సభ కాస్తా గొడవగా మారుతుంది. తెరవెనక అంతా తేల్చేసి మీటింగును మొక్కుబడి చేస్తారని జపాన్‌లోనూ నెమవాషి మీద విమర్శ ఉంది. అది న్యాయమైన విమర్శే. నేను అడుగుతున్నది రహస్య మంతనాలు కాదు. గ్రామసభలో అందరి ముందూ, డ్రాయింగ్ ఇంకా మార్చగలిగే దశలోనే మాట్లాడమని.

నీరు, నేల, చెట్ల రక్షణకు తెచ్చిన వాల్టా చట్టం కింద చెట్టు తొలగింపుకు అనుమతి ఇచ్చేటప్పుడే, కనీసం ఏడాది ముందు వేర్లను సిద్ధం చేయాలని షరతు పెట్టాలి. కాంట్రాక్టరుకు బిల్లు చెట్టు నాటిన రోజు కాదు, మూడు వానాకాలాలు దాటి చిగురిస్తేనే పూర్తిగా చెల్లించాలి. ఇప్పుడు సర్వే దశలో ఉన్న రోడ్ల నుంచైనా దీన్ని అమలు చేయాలని రెండు రాష్ట్రాల అటవీ, రోడ్లు భవనాల శాఖలను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, రంగారెడ్డి జిల్లా