గోల్ఫ్ పచ్చిక కింద నీళ్ల లెక్క

సంపాదకులకు,

1933లో తెరిచిన అమెరికాలోని అగస్టా నేషనల్ గోల్ఫ్ క్లబ్బులో సభ్యత్వం వాళ్లు పిలిస్తేనే. అంతటి క్లబ్బూ ఎండాకాలం తలుపులు మూస్తుంది. ఆ పచ్చదనం చూసి పాలమూరు, నల్లగొండ ఎర్రనేలల్లో గోల్ఫ్ వెంచర్లంటే ముందు నీళ్ల లెక్క తేలాలి. ఎకరానికి ఒక్క మిల్లీమీటరు తడికే 4 వేల లీటర్ల పైచిలుకు. ఎండల్లో గడ్డికి రోజుకు 5 మిల్లీమీటర్లు వేసుకున్నా 60 ఎకరాలకు 12 లక్షల లీటర్లు! బంతి పడాల్సిన గుంత చుట్టూ ఉండే పొట్టి గడ్డి, అంటే గ్రీన్‌ది మరో తంటా. అడుగున 10 సెంటీమీటర్ల కంకర, పైన 30 సెంటీమీటర్ల ఇసుక, మామూలు నేలంత తడి నిలవదు. ఉప్పు బోరునీళ్లు పెడితే గడ్డి కొసలు మాడతాయి. అనుమతి అడిగేవాళ్లను బోర్లు కాదు, శుద్ధిచేసిన మురుగునీటి పైపులైను చూపమనాలి.

– ఒక పాఠకుడు, దేవరకొండ