నల్లా బిల్లులో క్లోరిన్ అంకె ఏది?

సంపాదకులకు,

వానలు మొదలైతే చాలు, హైదరాబాద్ నగరంలో ఏదో ఒక బస్తీలో నల్లాకు మురుగునీళ్లు వస్తున్నాయన్న వార్త మీ పత్రికలో కనబడుతుంది. మర్నాడు గుంత తవ్వుతారు, పైపు అతుకు మారుస్తారు, వారంలో అందరూ మరచిపోతారు. 2009 మేలో భోలక్‌పూర్‌లో కలుషిత నీరు తాగి ప్రాణాలే పోయాయి. నేలలో ఉన్న పైపు ఎప్పుడో ఒకప్పుడు పగులుతుంది, దాన్ని తప్పుపట్టి లాభం లేదు. పగిలిన సంగతి ఆస్పత్రి వార్డు నుంచి తెలియవలసి రావడమే మా అభ్యంతరం. ముందే తెలుసుకునే నియమాలు కాగితం మీద ఉన్నాయి. గడువులే దాటిపోతున్నాయి.

తాగునీరు ఎలా ఉండాలో చెప్పే భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 1983లో వచ్చింది. 1991లో, మళ్లీ 2012లో సవరించారు. మడ్డితనం ఒక ఎన్‌టీయూ (మడ్డిని కొలిచే యూనిట్) దాటకూడదు, వేరే దిక్కు లేకపోతే 5 వరకు. కరిగిన లవణాలు, అంటే టీడీఎస్, లీటరుకు 500 మిల్లీగ్రాములు, గత్యంతరం లేకపోతే 2000. నైట్రేటు 45, దీనికి సడలింపే లేదు. మలం కలిసిందని పట్టిచ్చే ఈ-కోలి క్రిమి 100 మిల్లీలీటర్లలో ఒక్కటి కూడా కనబడకూడదు. ఇన్ని అంకెలు రాసిపెట్టుకున్నాం కానీ, నల్లా నీళ్లిచ్చే సంస్థ వీటిని పాటించి తీరాలన్న చట్టం మాత్రం చేసుకోలేదు. పాటిస్తే మంచిది, అంతే! సీసాలో అమ్మే నీటికి మాత్రం 2001లోనే ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి చేశారు. 2024లో ఆ షరతు తీసేసినా, ఎక్కువ ముప్పున్న ఆహారాల జాబితాలోకి చేర్చి ఆహార భద్రతా సంస్థ తనిఖీ కింద ఉంచారు. ఇరవై రూపాయల సీసాకున్న కాపలా కోటిమంది తాగే పైపుకు లేదు.

2019 నవంబరులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రాష్ట్ర రాజధానుల నల్లా నీటిని పరీక్ష చేయించి ఫలితాలు ప్రకటించింది. ముంబయిలో తీసిన పది నమూనాలూ నెగ్గాయి, ఢిల్లీలో పదకొండుకు పదకొండూ ఓడిపోయాయి. హైదరాబాద్ ముంబయి తర్వాతి వరుసలో నిలిచిందని మనవాళ్లు సంతోషించారు. నల్లా నీటికి ప్రమాణాన్ని తప్పనిసరి చేయాలన్న మాట అప్పుడే గట్టిగా వినిపించింది. 2020 ఆగస్టు 15కల్లా జిల్లా కేంద్రాలన్నిటి ఫలితాలూ వస్తాయని కూడా చెప్పారు. ఆ పంద్రాగస్టు ఎప్పుడో దాటిపోయింది. అయినా కోటి జనాభాకు పదో పన్నెండో నమూనాలు ఒకసారి నెగ్గాయంటే ఏం తెలిసినట్టు? ఆ రోజు, ఆ నల్లాల్లో నీళ్లు బాగున్నాయని మాత్రమే.

నీళ్లలోని లవణాలను వడకట్టే ఆర్వో యంత్రాల కథ ఇంకా సాగింది. టీడీఎస్ 500 లోపున్నచోట ఇళ్లలో ఆర్వో వాడకాన్ని నిషేధిస్తూ, వాడేచోట కనీసం 60 శాతం నీరు చేతికొచ్చేలా నిబంధనలు తెమ్మని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2019 మే 20న పర్యావరణ శాఖను ఆదేశించింది. శాఖ గడువు మీద గడువు అడిగింది. చివరకు 2023 నవంబరు 10న నిబంధనలు ప్రకటించి, అమలుకు మరో ఏడాది సమయం పెట్టుకుంది. లెక్క వేస్తే అయిదున్నరేళ్లు. ఈలోగా ఆర్వో లేని వంటగది కోసం వెతుక్కునే పరిస్థితి వచ్చింది. మామూలు ఇంటి యంత్రం లీటరు మంచినీళ్లిచ్చేలోపు దాదాపు మూడు లీటర్లు డ్రైనేజీలో పోస్తుంది. నగరానికి నీళ్లిచ్చే జలమండలి వంద కిలోమీటర్లకు పైగా దూరం నుంచి కృష్ణా, గోదావరి నీళ్లు ఎత్తిపోసి తెచ్చేది ఇందుకేనా!

నిబంధన వచ్చినా అమలు కాకపోవడానికి కారణం సులభంగానే కనబడుతుంది. మా ఇంటి నల్లా నీటి టీడీఎస్ ఎంతో సరఫరాదారు చెప్పకపోతే ఆర్వో అవసరమో కాదో ఎవరు తేల్చాలి? ఆ ఖాళీలోకి అమ్మకందారు దూరాడు. గ్లాసు నల్లా నీళ్లలో, గ్లాసు ఆర్వో నీళ్లలో కరెంటు కడ్డీలు ముంచుతాడు. నల్లా నీరు గోధుమరంగుకు తిరిగి తుక్కు తేలుతుంది, ఇంటావిడ హడలిపోతుంది. ఆ తుక్కు నీళ్లలోది కాదు, ఇనుప కడ్డీ కరిగి పుట్టిన తుప్పు. ఆర్వో నీళ్లలో లవణాలు లేవు కనుక కరెంటు పారదు, రంగు మారదు. ఆ ఆర్వో గ్లాసులో చిటికెడు ఉప్పు వేసి మళ్లీ ముంచమనండి, అదీ గోధుమరంగే అవుతుంది. అతని దగ్గరుండే టీడీఎస్ మీటరు కూడా ఉప్పునే కొలుస్తుంది. మురుగు కలిసిన నీటికి 280, శుభ్రమైన నీటికి 300 చూపించినా ఆశ్చర్యం లేదు. పైగా ఆర్వోలోని కార్బన్ గొట్టం క్లోరిన్‌ను తినేస్తుంది కనుక, ఆ నీళ్లు బిందెలో రెండు రోజులుంటే కాపలా లేని నీళ్లే.

కాపలా అంటున్నది మిగులు క్లోరిన్‌ను, అంటే క్రిములను చంపడానికి కలిపిన క్లోరిన్‌లో నల్లా దాకా మిగిలినదాన్ని. పైపులో ఎక్కడైనా మురుగు చొరబడితే క్లోరిన్ దానితో పోరాడి ఖర్చయిపోతుంది. చివరి ఇంటి నల్లా దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలని ప్రమాణం చెబుతోంది. నిన్న 0.4 ఉండి ఈ రోజు సున్నా అయితే మధ్యలో ఏదో జరిగిందన్నమాట. ప్రయోగశాలలో ఈ-కోలి తేలడానికి ఒక రోజు పడుతుంది, క్లోరిన్ నిమిషంలో చెబుతుంది. అందుకే రిజర్వాయరు దగ్గర కొలత ఎంత బాగున్నా మాకు తృప్తి లేదు. గల్లీ చివర కొలవాలి.

మన నగరంలో ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే నీళ్లు ఇరవై నాలుగు గంటలూ రావు. చాలాచోట్ల రోజు విడిచి రోజు, అదీ గంటో రెండు గంటలో. వాల్వు కట్టగానే లైన్ ఖాళీ అయ్యి లోపల పీల్పు పుడుతుంది. ఇళ్లవాళ్లు నల్లాకు నేరుగా మోటారు బిగిస్తే ఆ పీల్పు ఇంకా ఎక్కువ. తుప్పు పట్టిన జీఐ (జింకు పూత ఇనుప) పైపుకు ఆవగింజంత రంధ్రం ఉన్నా, చుట్టూ నిలిచిన మురుగు లోపలికి వస్తుంది. నీళ్లు వదిలిన మొదటి పది నిమిషాలు నలుపో వాసనో రావడం ఇందువల్లే. మంచినీటి లైనుకూ డ్రైనేజీ లైనుకూ మధ్య అడ్డంగా 3 మీటర్లు ఉండాలి, వీల్లేనిచోట మంచినీటి పైపు అడుగు డ్రైనేజీ పైపు పైభాగం కంటే అర మీటరు ఎత్తులో ఉండాలి అని కేంద్ర ప్రజారోగ్య ఇంజినీరింగ్ మాన్యువల్ చెబుతోంది. పాతబస్తీలో గల్లీ వెడల్పే 3 మీటర్లు. అక్కడ ఎత్తు తేడా అయినా పాటించాలి, లేదా డ్రైనేజీ దాటేచోట ఇంటికి వెళ్లే సర్వీసు పైపును ఒక తొడుగు పైపులోంచి తీసుకెళ్లాలి. ఒడిశాలోని పూరీలో 2021 నుంచి రాత్రింబవళ్లు ఒత్తిడితో, నల్లా దగ్గరే తాగగలిగే నీళ్లిస్తున్నారు. ఒత్తిడి తగ్గని పైపులోకి బయటి మురుగు రాదు, అందులో పెద్ద మర్మమేమీ లేదు.

అంతవరకూ పాఠకులు చేసుకోగల పరీక్ష ఒకటి చెబుతాం. నీళ్లు వదిలిన రోజు సంపులోకి పడే డైరెక్టు నల్లా దగ్గరే కొలవండి. ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి పట్టి తీసుకెళ్తే ‘మీ సంపు కడుక్కోండి’ అంటారు, ఆ మాటలో తప్పు కూడా లేదు. రెండు మూడు నిమిషాలు వదిలేశాక చిన్న గొట్టంలో గీత వరకు పట్టి, క్లోరిన్ పరీక్షకు వాడే డీపీడీ బిళ్ల వేసి కలిపితే గులాబీ రంగు వస్తుంది, దాన్ని పక్కనున్న రంగుపట్టీతో పోల్చాలి. రంగే రాకపోతే క్లోరిన్ లేదు. పాత కిట్లలో పసుపురంగునిచ్చే ఓటీ ద్రావణం ఉంటుంది. అది ఒంటికి మంచిది కాదు, పైగా వెంటనే చదవకపోతే ఎక్కువ చూపిస్తుంది. మురుగు అనుమానముంటే, మురుగు క్రిములను పట్టే హెచ్2ఎస్ పరీక్ష సీసాలో నీళ్లు నింపి గది వేడిలో ఒకటి రెండు రోజులు ఉంచండి, నల్లబడితే ఆ నీళ్లు తాగవద్దు. ప్రయోగశాలకు పంపే నమూనా మాత్రం క్లోరిన్‌ను విరిచే సోడియం థయోసల్ఫేట్ వేసిన, క్రిములు లేకుండా శుద్ధి చేసిన సీసాలోనే పట్టాలి. మామూలు సీసాలో పడితే దారిలో క్లోరిన్ క్రిములను చంపుతూనే ఉంటుంది, నివేదిక ‘బాగుంది’ అని వస్తుంది. సీసాను కడగకూడదు, నిండా నింపకూడదు, ఐసు పెట్టెలో పెట్టి అదే రోజు చేర్చాలి.

క్లోరిన్ సున్నా వచ్చి, సంపులో 5000 లీటర్లు ఉంటే, 30 శాతం క్లోరిన్ బలమున్న బ్లీచింగ్ పౌడరు 33 గ్రాములు చాలు, లీటరుకు 2 మిల్లీగ్రాముల క్లోరిన్ పడుతుంది. బకెట్ నీళ్లలో ముద్ద చేసి కలిపి, సున్నం అడుగుకు దిగాక పైతేట మాత్రమే పోయాలి. అరగంట ఆగి మళ్లీ కొలవాలి. నిరుడు తెరిచిన సంచిలో బలం మిగలదు, వానాకాలం చెమ్మకు ఇంకా త్వరగా పోతుంది. బోరు నీళ్లూ నల్లా నీళ్లూ ఒకే సంపులో కలిపే అపార్ట్‌మెంట్లలో ఈ లెక్క నిలవదు, అక్కడ కొలుచుకుంటూ పోవలసిందే. ఇదంతా తాత్కాలికం మాత్రమే. నీళ్లు నల్లగానో వాసనతోనో వస్తే మందు వేసి తాగే ప్రయత్నం చేయవద్దు, సంపులోకి పోకుండా ముందు వాల్వు కట్టేయండి.

ఫిర్యాదుకు జలమండలి నంబరు 155313. బిల్లు మీదుండే క్యాన్ (కనెక్షన్ ఖాతా) నంబరు చెప్పి, ‘నీళ్లు బాగాలేవు’ అని ఊరుకోకుండా తేదీ, నీళ్లు వదిలిన సమయం, ఎన్నో నిమిషంలో పట్టారు, క్లోరిన్ ఎంత వచ్చింది అన్నవి చెప్పండి. పక్క రెండిళ్లలోనూ కొలిస్తే పగులు ఏ రెండు ఇళ్ల మధ్య ఉందో చాలావరకు తేలిపోతుంది, రోడ్డంతా తవ్వే పని తప్పుతుంది.

ప్రభుత్వాన్ని మేం కోరేది రెండే. కేంద్రం ఐఎస్ 10500ను నల్లా నీటి సరఫరాదారులకు కచ్చితం చేస్తూ తేదీతో సహా ప్రకటన ఇవ్వాలి. ఆ ప్రకటన కోసం ఎదురుచూడకుండా రాష్ట్ర ప్రభుత్వం ప్రతి రిజర్వాయరు పరిధిలోనూ చివరి ఇళ్లు కొన్ని గుర్తించి, నీళ్లు వదిలిన రోజు అక్కడి క్లోరిన్, మడ్డి, టీడీఎస్ వినియోగదారులకు తెలిపే ఏర్పాటు చేయాలి. జలమండలి సిబ్బంది ఇప్పటికే నమూనాలు తీస్తున్నారు కనుక కొత్తగా కావలసింది ఎక్కువ లేదు. బిల్లు మీద క్యాన్ నంబరు, మీటరు రీడింగు, బకాయి అన్నీ అచ్చవుతున్నాయి. ఆ పక్కన ఈ మూడు అంకెలకు మరో గడి గీస్తే సరిపోతుంది.

— నీటి పరీక్షలు, పైపులైన్ల పనిలో ఉన్న కొందరు సాంకేతిక ఉద్యోగులు,
హైదరాబాద్