వేరే సంఘం గుడికి వెళ్ళే ముందు

గుంటూరు

చిట్టితల్లికి నాన్న దీవెనలు.

మీ హాస్టలు దగ్గర్లో మన లూథరన్ గుడి లేదని, ఈ వారం సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) గుడికి, పై వారం రూమ్మేటుతో కేథలిక్ గుడికి, ఆ తర్వాత మీ ఆఫీసు మేడమ్ గారితో హెబ్రోను సంఘానికి వెళ్తానన్నావు. వెళ్ళిరా. పాటలకీ ప్రార్థనలకీ పక్కవాళ్ళను చూసి లేస్తూ కూర్చుంటూ ఎక్కడైనా నెట్టుకురావచ్చు. బల్ల దగ్గర, అంటే రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే ప్రభు సంస్కారం దగ్గర మాత్రం అలా కుదరదు. అందరూ లేచారని నువ్వూ లేస్తే ఇబ్బంది అక్కడే వస్తుంది. తీసుకోవాలా వద్దా అన్నది ఇంట్లోనే తేల్చుకుని బయల్దేరు.

సి.ఎస్.ఐ.తో చిక్కు లేదు. 1947లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, సౌత్ ఇండియా యునైటెడ్ చర్చి వాళ్ళు ఏకమైన సంఘం అది. మనవాళ్ళు అందులో కలవలేదు గానీ, కన్ఫర్మేషన్ అయిన, అంటే ఊహ తెలిశాక తమ విశ్వాసాన్ని సంఘం ముందు ఒప్పుకున్న లూథరన్లను వాళ్ళు బల్లకు రానిస్తారు. పట్నంలో తెలుగు ఆరాధన ఒక వేళకి, ఇంగ్లీషుది ఇంకో వేళకి ఉంటాయి. శనివారమే గేటు దగ్గర బోర్డు చూసుకో, ఆ ఆదివారం సంస్కారం ఉందో లేదో కూడా అడుగు. పావుగంట ముందే వెళ్ళు. ముందు వరుసలో కూర్చుంటే చూసి నేర్చుకోవడానికి ఎదురుగా మనిషి ఉండడు. చివరి బెంచీలు ఆలస్యంగా వచ్చేవాళ్ళవీ, చంటిపిల్లల తల్లులవీ. మధ్యలో, ఆడవాళ్ళ వైపు కూర్చో. చున్నీ తప్పకుండా ఉండాలి.

ఆంధ్ర క్రైస్తవ కీర్తనలే వాళ్ళూ పాడతారు. పుస్తకంలో పాట పైన రాగం, తాళం అచ్చువేసి ఉన్నా ఒక్కో ఊళ్ళో ఒక్కో బాణీ స్థిరపడిపోయింది. మనకు వచ్చిన పాటే కదా అని గొంతెత్తకు, ఒక చరణం విని అందుకో.

నీకు కొత్తగా అనిపించేది సమాధానం, అంటే శాంతి, చేతులు కలిపి ఇచ్చిపుచ్చుకోవడం. బల్ల దగ్గర మొదలై వరుస వరుసకీ అందుతూ వస్తుంది. ఇచ్చేవారు తమ కుడి అరచేతిని నీ కుడి అరచేతికి ఆనిస్తారు. అప్పుడు నీ ఎడమచేతిని వాళ్ళ కుడిచేతి మీద మూయాలి, వాళ్ళూ అలాగే చేస్తారు. ఆ తర్వాత నువ్వు పక్కవారికి ఇవ్వాలి. చాలామంది షేక్‌హ్యాండ్ అనుకుని ఊపేస్తారు, లేదా తీసుకుని తమ దగ్గరే ఆపేస్తారు. కొన్ని గుళ్ళలో ఇప్పుడు నమస్కారంతో సరిపెడుతున్నారు. వాళ్ళు ఏది చేస్తే అదే చెయ్యి.

బల్లకు పెద్దలు వరుసల వారీగా పిలుస్తారు. రైలింగు దగ్గర మోకరించి, ఎడమ అరచేతి మీద కుడి అరచెయ్యి పెట్టి, తీర్థానికి పట్టినట్టు కాస్త గుంటచేసి పట్టు. వేళ్ళతో అందుకోబోతే అప్పం, అంటే సంస్కారపు రొట్టె, జారుతుంది. పుచ్చుకోగానే లేచిపోకు, నీ వరుసవాళ్ళంతా లేచినప్పుడు లే.

కేథలిక్ గుళ్ళో దివ్యసత్ప్రసాదం, అంటే వాళ్ళ సంస్కారపు అప్పం, మనకు ఇవ్వరు. ఇది నీ మీద చిన్నచూపు అనుకోకు, వాళ్ళ సభ నియమం అది. అందరూ వరుసకట్టినప్పుడు నీ చోటే కూర్చుని, మోకాళ్ళు పక్కకి తిప్పి దారి ఇస్తే చాలు. చేతులు గుండెలమీద కట్టుకుని వెళ్తే ఫాదర్ గారు దీవిస్తారని ఎవరైనా చెప్పవచ్చు. అది అన్నిచోట్లా వాడుకలో లేదు, ఆయన అప్పం ఎత్తి పట్టుకుంటే నువ్వు తలదించుకుని తిరిగి రావాల్సి వస్తుంది.

అక్కడ ఇంకో సంగతి. పరలోక ప్రార్థన, అంటే ప్రభువు నేర్పిన ప్రార్థన, మాటలు మనవాటికి కొంచెం తేడా. పైగా కీడునుండి తప్పించమన్న దగ్గర అందరూ ఆగిపోతారు. ఫాదర్ గారు ఒక ప్రార్థన చెప్పాకే 'రాజ్యము, శక్తి, మహిమ' అనే భాగం వస్తుంది. మన అలవాటుతో ఒక్క ఊపున చదువుకుపోతే నిశ్శబ్దంలో నీ గొంతు ఒక్కటే వినపడుతుంది!

హైదరాబాదు గోల్కొండ చౌరస్తాలోని హెబ్రోను భక్త్ సింగ్ గారు నెలకొల్పిన సంఘం. చెప్పులు బయట విడిచి, కింద కూర్చోవాలి. చుడీదార్ బిగుతుది వద్దు, వదులైనది వేసుకో. తలమీద చున్నీ కప్పుకోవడం అక్కడ పట్టింపు. కార్యక్రమం కాగితం ఉండదు. ప్రేరణ కలిగిన సహోదరుడు లేచి పాట నంబరు చెప్తాడు, ఇంకొకరు ప్రార్థిస్తారు, ఆపైన వాక్యం. గంటలు పడుతుంది, టిఫిన్ తినకుండా వెళ్ళకు.

రొట్టె విరిచేటప్పుడు నువ్వు తీసుకోకు. చంటిబిడ్డగా పొందిన బాప్తిస్మాన్ని వాళ్ళు లెక్కలోకి తీసుకోరు. మునకతో బాప్తిస్మం పొంది, సహవాసంలో ఉన్నవారికే అది. వేరే ఊరి నుంచి వచ్చిన వాళ్ళ సొంత విశ్వాసులే పరిచయపత్రం తెచ్చుకుంటారు. పళ్ళెం నీదాకా వస్తే పక్కవారికి అందించెయ్యి, సంజాయిషీ అక్కర్లేదు. ఆరాధన అయ్యాక అందరూ కలిసి తినే ప్రేమవిందు మాత్రం అందరిదీ. ఆకలి లేదని వచ్చేస్తే మేడమ్ గారు నొచ్చుకుంటారు.

ఎక్కడికి వెళ్ళినా కానుకల సంచిలో వేయడానికి చిల్లర నోట్లు దగ్గర పెట్టుకో. యాభయ్యో వందో చాలు, కొత్తవాళ్ళ దగ్గర ఎవరూ లెక్క చూడరు. కొత్తవారు లేచి నిలబడమంటే పేరు, ఊరు, ఎవరితో వచ్చావో చెప్పి కూర్చో. సాక్ష్యం, అంటే దేవుడు నీకు చేసిన మేలు, చెప్పమని మైకు చేతికిచ్చే చోట్లు కూడా ఉన్నాయి, 'వందనాలు, ఇంకోసారి చెప్తాను' అంటే మర్యాదగానే ఉంటుంది. ఫోన్ నంబరు మొదటి వారమే రాసి ఇవ్వకు, తెల్లారేసరికి మూడు వాట్సాప్ గ్రూపుల్లో తేలతావు.

ఒక చోట కుదురుకుంటానంటే సభ్యత్వ బదిలీ పత్రం కావాలి. చందా బాకీ ఉంటే మన సంఘంలో అది రాసివ్వరు, నీది డిసెంబరు దాకా కట్టేశాను. ఏ సంఘమో చెప్పు, మన పాస్టరు అయ్యగారితో రాయించి పంపుతాను.

నాన్న