మందుల చీటీ చూపించి విడాకులా? కేంద్ర న్యాయశాఖ మంత్రికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్ కింద మానసిక రుగ్మతను కారణంగా చూపి విడాకులు అడగొచ్చు. అయితే ఆ రుగ్మత కలిసి కాపురం చేయలేనంత తీవ్రంగా ఉండాలి. జబ్బు పేరు చెబితే చాలదు, తీవ్రత చూడాలని సుప్రీంకోర్టు 1988లోనే రామ్ నారాయణ్ గుప్తా కేసులో తేల్చింది.

మరి జరుగుతున్నదేమిటి? కాన్పు తర్వాత దిగులుతో ఒక భార్య కొన్నాళ్లు మందులు వాడుతుంది. ఆ చీటీ జిరాక్స్ పిటిషన్‌కి పిన్ కొట్టేస్తారు. ‘రాత్రి ఒకటి’ అని డాక్టరు గీసిన గీతే పిచ్చికి రుజువైపోతుంది! ఇక రేపు ఎవరైనా ధైర్యంగా డాక్టరు దగ్గరికి వెళ్తారా?

మానసిక జబ్బుకు చూపిన రుజువును అవతలివాళ్లు కాదంటే, కోర్టు దాన్ని మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకు పంపాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 105వ సెక్షన్ చెబుతోంది. ఈ సంగతి తెలియని కక్షిదారులే ఎక్కువ. ఆ బోర్డులు అన్ని జిల్లాలకూ అందేలా రాష్ట్రాలతో మాట్లాడండి.

జబ్బు దాచిపెట్టి చేసిన పెళ్లిలో మోసపోయినవాళ్ల బాధా చిన్నదేం కాదు. వాళ్లకు పెళ్లి రద్దు కోరేందుకు హిందూ వివాహ చట్టంలోనే 12వ సెక్షన్ ఉంది. కాకపోతే మోసం బయటపడిన ఏడాదిలోపే కోర్టుకెళ్లాలి. ఇదీ చాలామందికి తెలియదు.

ఇంకొక్క మాట. తన కేసు తాను చూసుకోలేని మనిషికి కోర్టు సంరక్షకుణ్ణి నియమించాలి. ఆ నియామకం జరగకముందే ఎక్స్‌పార్టీ డిక్రీలు, అంటే ఒక పక్షం హాజరు లేకుండానే ఇచ్చే తీర్పులు, రాకుండా చూడండి. లెప్రసీని 2019లో విడాకుల కారణాల్లోంచి తీసేశారు కదా, మానసిక రుగ్మత గురించి చెప్పే ఈ 13వ సెక్షన్‌నీ ఒకసారి లా కమిషన్ ముందు పెట్టండి.

ఇట్లు,
ఒక పౌరురాలు