నాన్నగారికి, కొత్త ప్రాసిక్యూటర్ కార్యాలయం నుంచి

టెక్సాస్

పూజ్యులైన నాన్నగారికి నమస్కారములు.

హ్యూస్టన్ ఉద్యోగం వదులుకుని ఈ మారుమూల కౌంటీకి (మన జిల్లా లాంటిది) ఎందుకు వెళ్లావని, నేరాలూ కోర్టుల మధ్య నీకేం పని అని మీరు అడిగిన నాటి నుంచి వివరంగా రాయాలనుకుంటున్నాను. ఫోనులో అమ్మ కంగారు ముందు నా మాట సాగడం లేదు.

ఇక్కడ ప్రాసిక్యూటరును మన దగ్గరలా ప్రభుత్వం నియమించదు. ప్రజలే నాలుగేళ్లకోసారి ఎన్నుకుంటారు. టెక్సాస్‌లో 254 కౌంటీలున్నా, జనం పలచగా ఉన్నచోట రెండు మూడింటికి కలిపి ఒకే డిస్ట్రిక్ట్ అటార్నీ, అంటే పెద్ద నేరాల కేసులు నడిపే ప్రాసిక్యూటరు, ఉంటారు. 2020 లెక్కల్లో 64 మందే ఉన్న లవింగ్ కౌంటీ అలాగే రీవ్స్, వార్డ్ కౌంటీలతో కలిసి ఉంది. మొన్నటి వరకు మాదీ అదే తీరు. చిన్న నేరాలను ఇక్కడి కౌంటీ అటార్నీ చూసేవారు, పెద్ద కేసులు పొరుగు కౌంటీకి పోయేవి. శాసనసభ చట్టం చేసి మాకు ప్రత్యేకంగా క్రిమినల్ డిస్ట్రిక్ట్ అటార్నీ పదవిని ఏర్పరచడంతో రెండూ ఒక్క గూటికి చేరాయి. కొత్త పదవి కనుక ఎన్నికల దాకా గవర్నరే ఒకరిని నియమించారు. పొరుగు కౌంటీ నుంచి వచ్చిన పాత కేసు కట్టలు ఇంకా సర్దుతూనే ఉన్నాము.

నేను ముద్దాయిల జోలికి పోను నాన్నగారూ. ప్రతి ప్రాసిక్యూటర్ కార్యాలయంలోనూ బాధితులకు సాయంగా ఒకరు ఉండాలని ఇక్కడి చట్టం. ఆ పని నాది. ఈ మధ్య కన్నకొడుకు చేతిలో దెబ్బలు తిన్న పెద్దావిడ ఒకరు వచ్చారు. చూపు తగ్గి కారు నడపడం మానేశారు, ఇక్కడ బస్సులు లేవు. పాత పద్ధతిలో ఆవిడ పొరుగు కౌంటీకి వెళ్లగలిగేవారే కాదు. పెద్ద నేరాభియోగం మోపాలంటే 12 మంది స్థానికులున్న గ్రాండ్ జ్యూరీ అనే పౌరుల బృందంలో 9 మంది ఒప్పుకోవాలి. ఆ పన్నెండుగురిలో తన చర్చివాళ్లే ఉంటే తల ఎలా ఎత్తుకోవాలని ఆవిడ ఏడ్చారు. అక్కడ జరిగింది బయట పెట్టకూడదన్న నియమం ఉందని చెప్పానే గానీ, ఆ భయం నన్నూ వదలడం లేదు. కార్యాలయం దగ్గరైతే మేలే, కానీ ఇక్కడ అందరూ అందరికీ తెలిసినవాళ్లే.

జీతం సంగతి అడిగారు. అటార్నీ జీతం రాష్ట్రం ఇస్తుంది. మా జీతాలు, గది, బల్లలు కౌంటీ ఆస్తి పన్నులోంచి రావాలి. పశువుల పెంపకందార్లు అందుకే అభ్యంతరం చెప్పారు, వానలు లేని ఏడాదిలో వారి బాధ నిజమైనదే. అయితే 3 లక్షలకు మించని జనాభా గల కౌంటీల షెరీఫులకు (కౌంటీ పోలీసు అధికారులకు), ప్రాసిక్యూటర్లకు జీతాల నిమిత్తం గ్రాంటు ఇచ్చే చట్టం 2023లో వచ్చింది. కాబట్టి దిగులు పడకండి. తగ్గిన జీతంతోనూ నెలనెలా పంపగలను, డాబా మరమ్మతు ఆపకండి. చిన్నత్తయ్య మోకాలికి మళ్లీ చూపించారా?

ఒక్క సాయం చేయండి. నరసాపురం కోర్టులో మీరు బెంచి క్లర్కుగా ఉన్నప్పుడు సాక్షులూ ముద్దాయి తరఫువారూ వరండాలో ఎదురుపడకుండా వాయిదా వేళలు ఎలా సర్దేవారో, ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టేవారో వివరంగా రాయండి. మా కోర్టులో ఉన్నది ఒకే వసారా, ఆవిడ వాయిదా వచ్చే నెలలోనే.

అమ్మకు నా నమస్కారాలు.

మీ కుమార్తె
పద్మ